వదిన బావి కింది రాయి

ట్యాంకరు పైపు మూతికి చుట్టిన గుడ్డ తడిసి, నీళ్లు వాకిట్లోకి కారుతున్నాయి. డ్రైవరు చక్రానికి ఆనుకుని బీడీ తాగుతున్నాడు. శవానికి స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడ్డారు కానీ, కారిపోయే నీళ్లు వాళ్లకెవరికీ పట్టలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను, మా వదిన ఇప్పుడు తిడుతుందని. ఆమె అరుగు మీద, దవడకు గుడ్డ కట్టించుకుని పడుకుని ఉంది. ఊపిరి ఆగిపోయిందని అందరికన్నా ముందు కనిపెట్టింది నేనే. మనిషి పోయిందని నమ్మింది మాత్రం అప్పుడే.

బకెట్టు తెచ్చి పైపు కింద పెట్టి, డ్రైవరును అడిగాను: "ఏమప్పా, నువ్వు తెచ్చింది నీళ్లేనా, గాడిద ఉచ్చనా?"

ఆ మాట నాది కాదు, ఆమెది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె పోయినా ఆమె నోరు ఊళ్లోనే ఉండిపోయిందని భయపడ్డారేమో.

వదిన అంటే మా ఆయనకు పెద్దక్క. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. పిల్లల్లేరు. తల్లి లేని ఇంట్లో మా ఆయనను చంకనేసుకుని పెంచింది ఆమే. పసుపుకుంకుమల కింద తండ్రి ఆమెకు ఇచ్చిన చేను ఊరికి పడమటగా ఉంది. చేను చెప్పుకోదగ్గది కాదు, అంతా గులకరాళ్లు. కానీ అందులో రాతికట్టు బావి ఉంది. ఆ బావి ఎండగా చూశామని మా ఊళ్లో ఏ ముసలివాళ్లూ చెప్పలేదు. కడప జిల్లాలో మా వైపు అలాంటి బావి ఉన్న మనిషికి రూపం, గుణం అక్కర్లేదు. వదినకు రెండూ లేవు.

నీళ్లు పోసేటప్పుడు ఆమె చేతులు చూడాలి. కుడి చేత్తో బొక్కెన వంచుతూ, ఎడమ చేతి వేళ్లను బిందె మూతి చుట్టూ కంచెలాగా పెట్టేది. ఒక్క చుక్క బయటికి దూకితే ఆ వేళ్లకే తగలాలి. పోయడం అయ్యాక బొక్కెనను పూర్తిగా బోర్లించి, అడుగున అరచేత్తో తట్టేది. ఆ చివరి చుక్కలు రాలేదాకా ఎదుటి మనిషి కదలకూడదు. కదిలితే మర్నాడు ఆ మనిషి బిందె వరుసలో చివరికి పోతుంది. తాను బీరతీగ పాదులో బండరాయి వేసుకుని, దాని మీద కూర్చుని స్నానం చేసేది. ఆ తీగకు వేరే నీళ్లు పోయగా నేనెప్పుడూ చూడలేదు. కాయలు మాత్రం బాగా కాసేవి.

నేను కాపురానికొచ్చిన రోజు గడప దాటే ముందు చెంబు నీళ్లు కాళ్ల మీద కుమ్మరించుకున్నాను. కొత్త పెళ్లికూతురు చేసే పనే అది. తలుపు పక్కనుంచి ఆమె గొంతు వినబడింది.

"ఏమ్మే, మీ ఊర్లో పెన్నేరు పారుతాందా?"

"లేదు వదినా."

"మరి కాళ్లు కడుగుతాండావా, మీ తాతల పాపాలు కడుగుతాండావా?"

మా అమ్మ పక్కనే ఉంది. నాకు ఏడుపు రాలేదు. మేమూ నీళ్లున్న ఊరివాళ్లం కాదు. మర్నాడు బియ్యం కడిగిన నీళ్లతోనే చెంబులు తొలిచి, ఆ కుడితిని ఎనుముకు పెట్టాను. ఆమె చూసి "ఊఁ" అంది. ఇన్నేళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నేను బడి ముఖం చూసింది కొద్దిరోజులే. చదువు చెప్పిన పంతులు కూడా నన్ను అంతకన్నా మెచ్చుకోలేదు.

ఆమెది మంచి మనసని, నోరే చెడ్డదని శవం దగ్గర కొందరు అన్నారు. శవం దగ్గర అబద్ధాలు చెప్పడం అలవాటే. ఆమె మనసు కూడా చెడ్డదే. గనిలో రాయి పడి వేళ్లు నలిగిన మనిషి కట్టు కట్టుకుని చూపించడానికి వస్తే, "గనికి నీ రుచి తెలిసిందిలేరా, ఇంగ మళ్లీ పిలుస్తాది" అంది. అతని పెళ్లాం అక్కడే నిలబడి ఉంది. ఆ పెళ్లాం బిందెను మాత్రం నింపి పంపింది, అడుగున తట్టి మరీ.

గని సంగతి చెప్పకపోతే వదిన సంగతి తెలియదు. మా భూముల కింద ముగ్గురాయి ఉంది. తెల్లగా, చేతిలో పెట్టుకుంటే ఇనుములాగా బరువుగా ఉంటుంది. దానికోసం కొండ వాలులోంచి సొరంగం తవ్వి, మా చేల కిందికి వచ్చారు. రాయి తీసిన చోటల్లా కింద గదులు ఏర్పడతాయి. గదికీ గదికీ నడుమ కొంత రాయిని తీయకుండా కంబాల్లాగా వదిలేస్తారు. వాటిని గనివాళ్లు పిల్లర్లు అంటారు. పైన ఉన్న నేలనంతా మోసేది ఆ పిల్లర్లే. అవి ఉన్నంతకాలం పైన చేను చేనే, బావి బావే. రాయి అయిపోవచ్చినప్పుడు గనివాళ్లకు ఆ పిల్లర్ల మీదికే కన్ను పోతుంది. అవీ ముగ్గురాయే కదా. తీస్తే కింది కప్పు కుంగుతుంది, పైన నేల నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లోంచి బావుల నీళ్లు గనిలోకి దిగిపోతాయి.

మొదట వంక అవతలి బావి పోయింది. తర్వాత మా ఆయన చేనిలోది. ఆ తర్వాత వరుసగా అందరివీ. ఊళ్లో వాళ్లు గంగమ్మ అలిగిందన్నారు. గంగమ్మ యాడికి పోయిందో వదినకు తెలుసు. బావి గట్టు మీద చెంబు నిండా నీళ్లు పోసి పెట్టుకుని ఆమె రోజంతా అక్కడే కూర్చునేది. కింద మందు పెట్టి పేల్చినప్పుడు చెంబులో నీళ్లు వణికేవి. అవి ఎంత వణికితే పేలుడు అంత దగ్గరికొచ్చినట్టు. ఆ చెంబును ఎందుకు పెట్టుకుందో మా ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఊరు మాత్రం ముసలిదానికి మతి పోయిందనుకుంది.

గనిలోకి దిగిన నీళ్లు గనివాళ్లకు అడ్డమే కదా. మోటార్లు పెట్టి వాటిని బయటికి తోడి పైపుతో వంకలోకి వదిలారు. ఎండిపోయిన వంకలో నీళ్లు పారాయి. చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, పచ్చగా తేలాయి. ఎండాకాలంలో వంక పారడం మా ఊరు ఎప్పుడు చూసింది? ఊరంతా కదిలింది. ఆడవాళ్లు ఆ పైపు మూతికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టారు. పొట్టేలును కొట్టారు. డప్పు మోగింది. గంగ వచ్చిందని పెద్దవాళ్లు ఆ నీళ్లు తల మీద చల్లుకున్నారు. అవి తమ బావుల నీళ్లేనని ఒక్కరికీ తట్టలేదు.

వదిన అక్కడికి వచ్చి, ఆకువక్క నములుతూ అంతా చూసింది. హారతి పళ్లెం తన ముందుకు రాగానే అంది:

"కుండ అడుగున తూటు పెట్టి, కారే ధారకు దండం పెడతాండారు. కుండకు తూటు పెట్టేది ఎప్పుడురా? శవం సుట్టూ తిరిగేటప్పుడు కదా. ఇప్పుడు ఎవురు సచ్చినారని?"

డప్పు ఆగింది. పళ్లెం పట్టుకున్నామె కోపంతో, "పండగ పూట నీ నోట్లో మంచి మాట రాదా?" అంది.

"వస్తాది. మంచి మనుషులు కనపడనీ."

పైపు పక్కనే ఆకురసం ఉమ్మి, వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఊరు ఆమెను మనిషిగా లెక్కపెట్టడం మానేసింది.

ఆ తర్వాత గనులను పరీక్షించే ఆఫీసరు ఒకడు వచ్చాడు. అతనూ ఆమె మాటే చెప్పాడు, కొంచెం మెత్తగా. ఊరి నడుమ నిలబడి, మీ బావులు పోయింది పిల్లర్లు తీసినందుకేనన్నాడు. ఇంక ఊళ్లో నీళ్లున్నది పడమటి చేని బావిలో మాత్రమే కాబట్టి, దాని కింది పిల్లరును ముట్టకూడదన్నాడు. ఎప్పటికైనా తీయాలంటే ముందు చుట్టూ ఉన్న ఖాళీ గదులన్నీ ఇసుకతో, పనికిరాని రాళ్లతో గట్టిగా కూరి, నేల కుంగకుండా చేయాలన్నాడు. కిందికి దిగి ఆ పిల్లరు మీద ఎర్రరంగు గుర్తు వేయించాడు. వదిన అతనికి గ్లాసుడు నీళ్లు తెచ్చి ఇచ్చింది. అడగకుండా ఆమె నీళ్లివ్వడం నేను చూడలేదు. అతను సగం తాగి, మిగతా సగం నేల మీద పారబోసి, గ్లాసు చేతికిచ్చాడు. ఆమె ఆ తడి మచ్చ ఇంకిపోయేదాకా చూస్తూ నిలబడింది. "వీడూ మనిషేలే" అంది.

మంచి రాయి అంతా ఆ పిల్లరులోనే మిగిలింది. దాన్ని తీయకూడదనేసరికి గనిలో పని తగ్గింది. ఊళ్లో సగం ఇళ్లు గని కూలి మీదే బతికేవి. ఆఫీసరును ఏమీ అనలేరు, గనివాళ్లను అనలేరు. వదిన చేతికి దొరికింది. ఆమె చేనికి కూలికి రావడం మానేశారు. పెళ్లికి పిలవడం మానేశారు. ఎదురొస్తే ఉమ్మేవాళ్లు. ఒకనాడు పొద్దున బావిలో చచ్చిన కుక్క తేలింది.

ఆమె ఏడవలేదు, ఎవర్నీ పిలవలేదు. బావిలో పడ్డ బొక్కెనలు తీసే పాతాళగరిగె వేసి కుక్కను పైకి లాగి, గోనెపట్ట మీద ఈడ్చుకుంటూ ఊరి నడివీధి గుండా గని గేటు దాకా తీసుకుపోయి వదిలింది. నేనూ ఒక కొస పట్టుకున్నాను. దారిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ తర్వాత మేమిద్దరం చేతులు బొబ్బలెక్కేదాకా బావి తోడాం. తోడిన నీళ్లనూ ఆమె పారబోయనివ్వలేదు. చేనిలో కందిమొక్కలకు పోయించింది.

ఎండలు ముదిరేసరికి ఊరంతా మళ్లీ బిందెలతో ఆ బావి దగ్గరికే వచ్చింది. ఆమె గట్టు మీద కూర్చుని ఒక్కొక్కరినీ అడిగేది:

"కుక్క మునిగిన నీళ్లు. పోసేదా?"

"పొయ్యి పెద్దమ్మా."

"గట్టిగా చెప్పు. యేం నీళ్లు?"

"కుక్క మునిగిన నీళ్లే."

ఆ మాట అనిపించుకున్నాకే బొక్కెన వంచేది. కడుపుతో ఉన్న పిల్లలను కూడా వదల్లేదు. నాకే ఒళ్లు మండి, "చాల్లే వదినా, అందరూ యేసినారా కుక్కను?" అన్నాను.

"అందరూ సూసినారు," అంది. ఆ వేసవంతా ప్రతి బిందె దగ్గరా ఆ మాట అనిపించింది.

మా ఆయన గనిలో మేస్త్రీ. పిల్లరు తీసే పని నువ్వే చూసుకో, ముందు గదులు కూరడానికి ఇసుక మేమే తోలిస్తామని గనివాళ్లు ఆయనకు చెప్పారు. వదినకు అది ఎలాగో తెలిసింది. అన్నం తింటున్న మనిషిని లేపి బావి దగ్గరికి తీసుకుపోయింది. అప్పుడే తోడిన బొక్కెనలో చెయ్యి ముంచమంది. మా వైపు నీళ్లు ముట్టి చేసిన ఒట్టుకు తిరుగులేదు.

"ఇసుక కూరకుండా నా బావి కింద రాయి ముట్టనని చెప్పు."

"ముట్టనక్కా."

"మళ్లీ చెప్పు."

"ముట్టనంటి కదా! సొంత తమ్మునిమీద నమ్మకం ల్యాదా నీకు?"

"పెంచినదాన్ని కాబట్టే అడుగుతాండా."

ఇసుక నిజంగానే వచ్చింది, లారీల మీద. గని దగ్గర గుట్టలుగా పోశారు. తర్వాత ఆ గుట్టలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. కొంత ఇళ్లు కట్టుకునేవాళ్లకు పోయింది. కొంత మా ఇంటికి వచ్చింది. మట్టిమిద్దె పక్కన మేం సిమెంటుతో పెద్ద గది కట్టుకున్నాం. ఆ గోడలు ఎక్కడి ఇసుకతో లేచాయో నాకు తెలుసు. నేనూ ఆ గదిలోనే పడుకుంటాను. ఎండకు చల్లగా ఉంటుంది.

బావి పోయిన రోజు పొద్దున నేను బిందె తీసుకుని వెళ్లేసరికి వదిన గట్టు మీద లేదు, గట్టుకు దూరంగా నిలబడి ఉంది. బావి చుట్టూ నేల గుండ్రంగా చీలింది. రాతికట్టు ఒక వైపుకు ఒరిగింది. లోపల నీళ్లు ఎర్రగా సుడి తిరుగుతూ, ఎవరో కింద కూర్చుని తాగుతున్నట్టు గుటకల చప్పుడు చేస్తూ దిగుతున్నాయి. పొద్దెక్కేసరికి అడుగున బురద తప్ప ఏమీ లేదు.

ఆమె చెంబు మాత్రం గట్టు మీద, ఒరగని వైపు, నిండుగా అలాగే ఉంది. దాన్ని చూస్తూ అంది:

"నీళ్లు కదల్లేదు మే. నిన్నంతా ఈడనే కూసోని ఉండా. మొన్నంతా ఉండా. మందు పెట్టింటే కదిలేవి. గునపాలతో తీసినారు, సప్పుడు లేకుండా. నా చెంబు సంగతి గనివాళ్లకు ఎట్ల తెలుస్తాది?"

ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. నేను గనిలోకి దిగే మనిషిని కాను.

ఆమె చెంబు తీసుకుని గటగటా తాగింది. ఎండలో నడిచొచ్చిన నా నోరు పిడచగట్టి ఉంది. చెంబు వైపు చూశాను. ఆమె నా కళ్లలోకి చూస్తూనే చివరిదాకా తాగి, చెంబు బోర్లించి, అడుగున తట్టి చూపించింది.

అప్పటికి మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, నేను కాకుంటే ఇంగోడు తీసేవాడే" అన్నాడు. ఆమె తిట్టలేదు. జీవితంలో మొదటిసారి ఆయనతో నిదానంగా మాట్లాడింది.

"నేను సస్తే కుండ ఎత్తేది నువ్వే కదరా. నాకు వేరే దిక్కు ల్యాదు. ఎత్తు, వద్దనను. కానీ దాంట్లో నీళ్లు పోయొద్దు. ఖాళీ కుండతో తిరుగు నా సుట్టూ. ఊరంతా సూడల్ల."

పిల్లరు అయిపోయాక గనిలో తీయడానికి ఏమీ మిగల్లేదు. గనివాళ్లు మోటార్లు విప్పుకుని వెళ్లిపోయారు. వంక ఎండింది. చీనీ చెట్లను వంటచెరకుకు కొట్టేశారు. ట్యాంకరు రావడం మొదలైంది. పైపుకు పసుపు రాసిన ఆడవాళ్లే ఇప్పుడు దాని పైపు దగ్గర జుట్లు పట్టుకుంటున్నారు. వదిన అరుగు మీద కూర్చుని ఆ పోట్లాటలు చూసేది. ఆమెకు మిగిలిన సుఖం అదొక్కటే. "లాగుమే, గట్టిగా లాగు!" అని ఇరువైపులా ఎగదోసేది.

మా సిమెంటు గదిలో మాత్రం ఆమె ఏనాడూ అడుగు పెట్టలేదు. మా ఇంట్లోనే తినేది, తమ్ముడు ముట్టిన నీళ్లు తాగేది కాదు. ప్రతి గ్లాసుకూ అడిగేది, "ఎవురు పట్టినారు?" అని. నేను పట్టానంటే తాగేది. మంచాన పడ్డాక కూడా లోపలికి తీసుకుపోనివ్వలేదు. అరుగు మీదే ఎండకు ఎండి, గాలికి ఎగిరేంత తేలికై పోయింది. చివరిరోజు సాయంత్రం మా ఆయన చెంచాతో నోట్లో నీళ్లు పోయబోయాడు. ఆమె పళ్లు బిగించింది. నీళ్లు గడ్డం మీదుగా కారాయి. ఆయన తువ్వాలుతో తుడవబోతే, ఆమె నా వైపు తిరిగి అంది:

"కారిపోతాండాయి సూడు. చెంబు పట్టు."

ఆ తర్వాత ఆమె నోటినుంచి మాట రాలేదు.

మా వాళ్లలో కాల్చరు, పూడుస్తారు. గుంత దగ్గర శవాన్ని దించాక, కర్మ చేసేవాడు నీళ్లకుండ భుజాన పెట్టుకుని చుట్టూ తిరుగుతాడు. ప్రతి చుట్టుకూ వెనక నడిచే మనిషి కొడవలి మొనతో కుండకు తూటు పెడతాడు. నీళ్లు ధారగా కారుతాయి. కడపట కుండను వెనక్కి వదిలేసి, తిరిగి చూడకుండా పోవాలి. ఆడవాళ్లం గుంత దాకా పోము. కానీ ఆ రోజు నేను పోయాను. వద్దనడానికి వచ్చిన పెద్దమనిషి నా ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు.

కుండలో పోయడానికి ట్యాంకరు నీళ్లు బిందెడు మోసుకొచ్చారు. మా ఆయన కుండ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఒట్టు, ఆ ఖాళీ కుండ మాట ఊళ్లో చాలామందికి తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. బిందె పట్టుకున్నతను నీళ్లు వంచబోయాడు.

"పోయొద్దు," అన్నాను.

"అదేం మాటమ్మా? శాస్త్రం ఉండాది కదా!" అన్నాడు పెద్దమనిషి.

"సచ్చిన మనిషి చెప్పిన మాట ఉండాది. ఆ బిందె యెనక్కి మోసుకుపో."

మా ఆయన నా వైపు చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. ఆయన ఖాళీ కుండ భుజాన పెట్టుకుని నడిచాడు. కొడవలి తగిలింది. కుండ పొడిగా టంగుమంది. ఏమీ కారలేదు. రెండోసారీ అంతే. ఊరంతా ఆ తూట్లలోకి చూస్తూ నిలబడింది. మూడో చుట్టు అయ్యాక ఆయన చేతులు వదిలేశాడు. కుండ వెనక్కి పడి పగిలింది. దుమ్ము లేచి, దిగింది.

ఇంటికి వచ్చేసరికి, పొద్దున పైపు కింద నేను పెట్టిన బకెట్టు నిండి ఉంది. శవం వెంట పోయినవాళ్లు కాళ్లు కడుక్కునే ఇంట్లోకి రావాలి. ఒక్కొక్కరి కాళ్ల మీదా చెంబుతో నేనే పోశాను, వేళ్లు అడ్డం పెట్టి, చిందకుండా. అందరికీ సరిపోయాయి. మా ఆయన ఆఖరున వచ్చి, పంచె పైకి పట్టుకుని, కాళ్లు ముందుకు చాపాడు.

నేను ఖాళీ బకెట్టు ఎత్తి బోర్లించి, అడుగున అరచేత్తో తట్టాను.